పొయ్యి గొంతులో రెండు గాజు గుడ్డలు

హైదరాబాద్,
12 డిసెంబర్ 1998

అత్తా,

మొన్న ఎస్టీడీ బూత్‌లో నువ్వక్కడ అరిచి, నేనిక్కడ అరిచి, నా వెనక నిలబడ్డవాళ్లు నా మీద అరిచిన తర్వాత అసలు అడగాల్సింది అడక్కుండానే పెట్టేశాను. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. చదివి నవ్వుకో, కానీ కాదనకు.

ఈ సీజన్‌కి నువ్వు ఆకు ఆరబెట్టే పొగాకు బ్యారన్ నాకు కావాలి. మొత్తం అక్కర్లేదు. పొయ్యిలోంచి వేడి పొగ ఇనప గొట్టంలోకి దూరే చోటును మీరు పొయ్యి గొంతు అంటారు చూడు, అది చాలు. అక్కడ మసి దులపడానికి చిన్న తలుపు ఉంటుంది కదా. దాన్లోంచి అరచేతంత గాజు గుడ్డలు రెండు లోపల వేలాడదీసి, మొదటి రెలుపులో కోసిన ఆకు బ్యారన్‌కి ఎక్కించినప్పటి నుంచి ఆఖరి ఆకు దించేదాకా అలాగే ఉంచాలి.

గాజు గుడ్డ అంటే కంగారుపడకు. గాజును కరిగించి, జుట్టుకన్నా సన్నటి పోగులు తీసి నేసిన గుడ్డ అది. ఫ్యాక్టరీల్లో వేడి గొట్టాలకు చుడతారు. నేను దాన్ని యాసిడ్‌లో ఉడికిస్తాను. గాజులో ఉన్న సోడియం యాసిడ్‌లోకి వెళ్లిపోయి, పోగు లోపల కంటికి కనపడని ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలు కూలిపోకుండా జిర్కోనియం అనే లోహాన్ని పెడతాను. ఆ తర్వాత పెల్లేడియం అనే ఇంకో లోహపు అయాన్లను లోపలికి పంపుతాను. అయాన్ అంటే తన ఎలక్ట్రాన్లు కొన్ని పోగొట్టుకున్న పరమాణువు. పొగలో తలనొప్పి తెప్పించే విషవాయువు ఉంటుంది కదా, దాన్ని ఇది అక్కడికక్కడే కాల్చి హాని లేకుండా చేస్తుంది. రేపు లారీ గొట్టాల్లో, ఫ్యాక్టరీ చిమ్నీల్లో పెట్టుకోవచ్చు.

చిక్కంతా వేడితోనే. వేడి తగిలేసరికి ఈ అయాన్లు పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లను తిరిగి సంపాదించుకుని, కదిలి, ఒకచోట చేరి గింజకట్టేస్తాయి. గింజ లోపల పడ్డవాటికి పొగ తగలదు. ఇంక అది ఉత్త గుడ్డే. గాజూ జిర్కోనియమూ కలిసి అయాన్లను ఎక్కడివక్కడ పట్టి ఉంచుతాయని, గింజకట్టనివ్వవని నేనంటున్నాను. మా ల్యాబ్‌లోనే చైతన్యకృష్ణ అనే ఇంకో స్కాలర్ ఉన్నాడు. అతను గుడ్డ పైపైన పెల్లేడియం ఎక్కిస్తాడు. చవక, తేలిక, అంతకన్నా ఎక్కువ అవసరం లేదంటాడు. నీ పొయ్యిలో పెట్టే రెండిటిలో ఒకటి నాది, ఒకటి అతనిది.

మా గైడ్ ఫాతిమా మేడం తేల్చి చెప్పేశారు. జూన్‌లోగా ఎవరి గుడ్డ నిలబడుతుందో వాళ్ల పని ముందుకు సాగుతుంది. రెండోవాళ్లు దారి చూసుకోవాలి. చైతన్యకి ఇంకో ల్యాబ్ దొరుకుతుంది. నాకు దొరికేది సత్తెనపల్లిలో నాన్న మాట్లాడి పెట్టిన స్కూలు. పిల్లలకు చదువు చెప్పడం తక్కువ పని అని కాదు అత్తా, నేను మొదలుపెట్టింది మధ్యలో వదిలేసి పోలేను.

ఇక్కడి ఫర్నేస్‌ను పదిమందిమి పంచుకుంటాం. నెలల తరబడి వేడెక్కుతూ, చల్లారుతూ, నిజమైన పొగ పీల్చే చోటు నీ దగ్గరే ఉంది. నువ్వు ఒప్పుకున్నావని మేడంకి ముందే చెప్పేశాను.

నీ మొండి మేనకోడలు,
దుర్గ

---

కొండపి,
28 డిసెంబర్ 1998

దుర్గమ్మా,

ఒప్పుకున్నానని ముందే చెప్పేసి తర్వాత అడగడం మా నాన్న దగ్గర్నుంచి మీ ఇంటికి వచ్చిన జబ్బు. సరే, ఒప్పుకున్నాను.

నీ ఉత్తరం పొయ్యి చూసే బుల్లయ్యకు చదివి వినిపించాను. "గాజు గుడ్డ పొయ్యిలో పెట్టమంటన్నారా అమ్మాయిగారు? చదువు ఎక్కువైతే ఇట్టాగే అవుద్దమ్మా" అన్నాడు. ప్రతి సీజన్‌లోనూ అతనికి తలనొప్పి వస్తుంది కదా, అది ఆ వాయువు పనేనని చెప్పాక కాస్త మెత్తబడ్డాడు. ఇప్పుడు ఊళ్లో అందరికీ అతనే చెబుతున్నాడు. ఎదురింటి కోటమ్మ వచ్చి, "మీ కోడలు గాజుతో చీరలు నేస్తందంట గదా, నాకోటి చెప్పు" అంది. కట్టుకుంటే దురదపెడుతుందని చెప్పి పంపించాను.

అయాన్ల సంగతి నాకు ఇలా అర్థమైంది, తప్పయితే దిద్దు. పెళ్లికి వచ్చిన చుట్టాల్ని ఎవరి గది వాళ్లకు చూపించకపోతే అందరూ వసారాలో ఒక మూల చేరి కబుర్లలో పడతారు. వడ్డనకు ఒక్కళ్లూ లేవరు. నువ్వు యాసిడ్ పోసి గదులు కట్టి, గదికొకళ్లని కూర్చోబెడుతున్నావు. ఆ కుర్రాడు అందర్నీ వసారాలోనే వదిలేశాడు. అంతేనా?

మీ నాన్న మొన్న ఒంగోలు పనిమీద వచ్చి ఇక్కడ దిగాడు. చెవినిల్లు కట్టుకుని పోరు పెట్టాడు, నువ్వు చెబితే వింటుంది, రమ్మని రాయమని. "ఒరేయ్ బాపయ్యా, దాని పరీక్ష నా పొయ్యిలో జరుగుతుంది, అయ్యేదాకా నోరు మూసుకో" అన్నాను. తమ్ముడు కాబట్టి నోరు మూసుకున్నాడు. కానీ ఇప్పుడు నా మాట కూడా నీ గుడ్డతో పాటే వేలాడుతోంది, గుర్తుంచుకో.

గుడ్డలు పంపు. ఏది నీదో రాసి పంపు.

ఇట్లు నీకు పొయ్యి అప్పిచ్చిన అత్త,
వెంకటేశ్వరమ్మ

---

హైదరాబాద్,
9 జనవరి 1999

అత్తా,

పెళ్లి చుట్టాల సంగతి మేడంకి చెప్పాను. రేపు క్లాసులో అదే వాడతానన్నారు.

గుడ్డలు ఒంగోలు వెళ్తున్న స్నేహితురాలి చేతికిచ్చి పంపుతున్నాను. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒక్కోదాని అంచుకు సన్నటి తీగ కట్టాను. ఒకదాని తీగకు ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్లు. ఏది నాదో, ఏది చైతన్యదో నీకు చెప్పను. కోప్పడకు. చెబితే నీకు తెలియకుండానే నీ చెయ్యి ఒకవైపు మొగ్గుతుంది. పరీక్షలో పేపరు దిద్దేవాళ్లకు పేర్లు కనపడకుండా దాస్తారు చూడు, ఇదీ అంతే.

రెండిటినీ పక్కపక్కనే వేలాడదీయి. ఒకే వేడి, ఒకే పొగ, ఒకే మసి తగలాలి. నువ్వు చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. నీకది కష్టమని నాకు తెలుసు.

నాన్న నోరు మూయించినందుకు నా నెత్తిన పాలు పోశావు.

దుర్గ

---

కొండపి,
5 మార్చి 1999

దుర్గమ్మా,

జవాబు ఆలస్యమైంది. ఆకు ముమ్మరంగా వస్తోంది. పొద్దున్నే కూలీలు కోసి తెస్తారు, ఆడవాళ్లు కర్రలకు అల్లుతారు, బ్యారన్ నింపుతాం, పొయ్యి వెలిగిస్తాం. ఆకు పసుపు తిరిగేదాకా సన్నటి సెగ. ఆ తర్వాత పెంచుకుంటూ పోయి, ఆఖర్న ఆకు నడిమి ఈనె ఎండడానికి సెగ బాగా ఎగదోస్తాం. అప్పుడు పొయ్యి గొంతు దగ్గర నిలబడితే ముఖం మాడిపోతుంది. దించడం, మళ్లీ నింపడం. మీ మామయ్య ఉన్నప్పుడు ఆయన పొయ్యి చూసుకునేవాడు, నేను ఆకు చూసుకునేదాన్ని. ఇప్పుడు రెండూ నేనే. అయినా ఆకు ఈ ఏడు నిమ్మపండు రంగు తిరుగుతోంది. వేలంలో కొనేవాళ్లు నా బేళ్ల దగ్గర ఆగి చూస్తున్నారు.

నీ గుడ్డల గురించి బెంగపడకు. కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. అంతకన్నా ఇప్పుడు చెప్పను. సీజన్ అయ్యాక చెబుతాను, నువ్వే మెచ్చుకుంటావు.

ఆ చైతన్యకృష్ణ ఎలాంటివాడు? నీతో సరిగ్గా మాట్లాడతాడా, లేక మీదమీదకి వస్తాడా? నాకైతే అతని పద్ధతి వినగానే నచ్చలేదు. పైపైన పూసే మనిషి.

అత్త

---

కొండపి,
22 ఏప్రిల్ 1999

దుర్గమ్మా,

ఆఖరి ఆకు దించేశాం. పొయ్యి చల్లారింది. గుడ్డలు రెండూ పొట్లం కట్టి హైదరాబాద్ వెళ్లే బస్సులో మనవాళ్ల అబ్బాయి చేత పంపుతున్నాను.

ఇప్పుడు చెబుతాను, విను. నువ్వు దాచావు గానీ నీ గుడ్డ ఏదో నేను చూడగానే కనిపెట్టేశాను. మేనత్తనమ్మా, నా దగ్గరా నీ ఆటలు? సన్నటి సెగ ఉన్నన్నాళ్లూ రెండిటినీ నువ్వు చెప్పినట్టే వేలాడదీశాను. ఈనె ఎండడానికి సెగ ఎగదోసే వేళకి మాత్రం ఇనప కొక్కెంతో నీ దాన్ని బయటికి తీసేసి గూట్లో పెట్టేదాన్ని. అంత మంటలో దాన్ని ఉంచడానికి నాకు మనసొప్పలేదు. శుక్రవారం పూట కుంకుడు రసంతో మసి వదిలేలా తలంటు పోసేదాన్ని. నీడన ఆరబెట్టి మళ్లీ పెట్టేదాన్ని. ఆ అబ్బాయి గుడ్డను మాత్రం సవతి బిడ్డలా చూశాను. ఎంత మంటైనా అందులోనే, మసి కూడా దులపలేదు.

నీదే గెలుస్తుంది. మీ నాన్నకు కూడా ఫోన్ చేసి చెప్పేశాను.

మెచ్చుకోలు కోసం చూస్తూ,
అత్త

---

హైదరాబాద్,
30 ఏప్రిల్ 1999

అత్తకు,

పొట్లం చేరింది. నేను విప్పలేదు. విప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఏం చేశావో నీకు తెలుస్తోందా? ఒకటి మంటలో, ఒకటి గూట్లో ఉంటే అది పరీక్ష ఎలా అవుతుంది? నా గుడ్డ నిలబడిందని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మంటే తగలని దాన్ని తెచ్చి, చూడండి కాలలేదని చూపించనా? నాలుగు నెలలు నేను ఆ పొయ్యి మీదే ప్రాణం పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ చేయొద్దని రాశాను. ఒక్కటే అడిగాను.

అసలు ఏది నాదో నీకు ఎవరు చెప్పారు? ఇక్కడ నాకూ చైతన్యకీ తప్ప ఎవరికీ తెలియదు. నీ ఉత్తరం చదివి నేరుగా అతని దగ్గరికి పోయి, మా అత్తకు ఫోన్ చేసి చెప్పావా అని నలుగురిలో అడిగేశాను. నా పరీక్ష చెడగొట్టడానికే ఇలా చేశావని నోరు పారేసుకున్నాను. అతను తెల్లబోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

మేడం ఊళ్లో లేరు. వచ్చాక చెప్పి, సామాను సర్దుకుంటాను. నాన్నకు ఇంకోసారి ఫోన్ చేసి స్కూలు సంగతి చూడమని చెప్పు. నువ్వే చెప్పు. నాకు నోరు రాదు.

దుర్గ

---

కొండపి,
9 మే 1999

దుర్గా,

అమ్మా అని రాయబుద్ధి కావడం లేదు, రాయకుండా ఉండబుద్ధీ కావడం లేదు.

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. బుల్లయ్య పొయ్యి మరమ్మతుకు వచ్చి, నా ముఖం చూసి వెళ్లిపోయాడు. నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని. నీ సాయానికి చేసింది నీకు ఎదురు తిరిగిందంటే నాకు తల తీసేసినట్టుంది. నేను చేసింది తప్పేమో. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుసు. కానీ మంటలో ఉన్న బిడ్డను తీయొద్దని ముందే ఎందుకు గట్టిగా చెప్పలేదు? ఏమీ చేయకు అన్నావు. ఏమీ చేయకుండా ఉండడం నాకెప్పుడు చేతనైందని?

ఆ అబ్బాయిని మాత్రం ఊరికే అనుమానించావు. అతని గొంతు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు. నీ ముళ్లే చెప్పాయి. మన గ్రేడింగ్ షెడ్డులో మేలురకం ఆకు కట్టకు రెండు ముళ్లు, మాడు ఆకు కట్టకు ఒక ముడి వేస్తాం. మా అత్తగారి నాటి నుంచీ అదే పద్ధతి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వచ్చి ఆ కట్టల మీదే కదా నువ్వు నిద్రపోయేదానివి. నువ్వు రెండు ముళ్లు దేనికి వేస్తావు? మంచిదానికే వేస్తావు. నీ దానికే వేస్తావు. అందుకే రెండు ముళ్లదాన్ని నీదిగా చూసుకున్నాను. ఇందులో పెద్ద తెలివేమీ లేదు.

మీ నాన్నకు ఫోన్ చేయను. నువ్వు వస్తానంటే నువ్వే చెప్పుకో. నేను నీకు పూచీ పడ్డాను, నా నోటితో కాదనలేను.

అత్త

---

హైదరాబాద్,
24 మే 1999

అత్తా, అత్తా, నా బంగారు అత్తా,

ముందు నన్ను క్షమించు. తర్వాత కూర్చో. బుల్లయ్యను కూడా పిలిచి కూర్చోబెట్టు.

నాది ఒక ముడి.

నీ ఉత్తరంలో ఆ ముళ్ల మాట మూడుసార్లు చదువుకున్నాను. మన కట్టల మీద నిద్రపోయానేమో గానీ, ముళ్లు లెక్కపెట్టేంత మెలకువ నాకెప్పుడూ లేదు. పత్తి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. నా గుడ్డ ముందు తయారైంది కాబట్టి దానికి ఒకటి, తర్వాత వచ్చిన చైతన్య గుడ్డకు రెండు. అంతకుమించి ఏ ఆలోచనా లేదు. నువ్వు గూట్లో దాచిందీ, తలంటు పోసిందీ, నీడన ఆరబెట్టిందీ చైతన్య గుడ్డని. సీజన్ పొడుగునా మంటలో వదిలేసింది నన్ను.

ఉత్తరం చేత్తో పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తాను. పొట్లం విప్పాను. నాది బొగ్గులా ఉంది. మసిని మెల్లగా కాల్చి వదిలించి, రెండిటినీ ఎక్స్-రే యంత్రంలో పెట్టాం. లోహం గింజకడితే కాగితం మీద గీత కొండ శిఖరంలా లేస్తుంది. విడివిడిగా ఉంటే లేవదు. చైతన్య దానికి శిఖరాలు నిటారుగా లేచాయి. అంత అపురూపంగా చూసుకున్నా అతని చుట్టాలందరూ వసారాలో చేరిపోయారు. నా దానికి ఒక్క శిఖరమూ లేదు. నమ్మకం చాలక ఇంకోసారి పెట్టాం. లేదు. తర్వాత విషవాయువును పంపి చూశాం. కొత్తలో ఎంత వేడి దగ్గర పని మొదలుపెట్టిందో, ఇంచుమించు అక్కడే మొదలుపెట్టింది. అయాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి అత్తా. గాజు వాటిని పట్టుకునే ఉంది.

మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. చివరికి ఇలా అన్నారు: "రెండిటినీ సమానంగా చూడలేదు, నిజమే. కానీ ఆ తేడా అంతా నీకు వ్యతిరేకంగానే జరిగింది. అయినా నీదే నిలబడింది. దీన్ని కొట్టిపారేయలేం." అలాగని పూర్తిగా ఒప్పుకోలేదు. కుంకుడు రసం వల్లే చైతన్య గుడ్డ చెడిందేమోనని రేపు ఎవరైనా అడుగుతారు. అందుకే వచ్చే సీజన్‌లో మళ్లీ చేయాలి, ఈసారి ఎవరికీ తలంటు లేకుండా. నా సీటు మాత్రం ఖాయం చేశారు. ఆ మాట మేడమే స్వయంగా నాన్నకు ఫోన్ చేసి చెప్పారు. నాన్న "సరేనండి" అని తప్ప ఏమీ అనలేదట. రాసి పెట్టుకో, ఇది చరిత్ర.

చైతన్యకు నలుగురి ముందే క్షమాపణ చెప్పాను. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే చెప్పాలి. "మీ అత్తగారు నా గుడ్డకు అంత సేవ చేశారని తెలిస్తే ముందే థాంక్స్ చెప్పేవాణ్ని" అన్నాడు. ఇప్పుడు అతనే నా గుడ్డలకు జిర్కోనియం పెట్టడంలో చెయ్యి వేస్తున్నాడు. వసారా ఖాళీ చేశానంటున్నాడు.

నీకు అలాంటి ఉత్తరం రాసిన చేతిని ఏం చేసినా పాపం లేదు. ఈసారి వచ్చినప్పుడు నువ్వే దాని సంగతి చూడు.

నీ ఒంటి ముడి,
దుర్గ

---

కొండపి,
19 ఏప్రిల్ 2000

ఒంటి ముడి దుర్గమ్మకు,

రెండో సీజన్ కూడా ముగిసింది. ఈసారి ముళ్లు లేకుండా రేకు బిళ్లలు కట్టి పంపావు, వాటి మీద నీకు తప్ప ఎవరికీ అంతుపట్టని అంకెలు. మంచి పని చేశావు. ఎంత వద్దనుకున్నా నా కళ్లు వాటి వంకే పోయేవి.

ఏమీ చేయకుండా ఉండడం ఎంత కష్టమో ఈ ఏడు నేర్చుకున్నాను. సెగ ఎగదోసినప్పుడల్లా కొక్కెం బుల్లయ్య చేతికిచ్చి, నేనడిగినా ఇవ్వొద్దని చెప్పి అవతలికి పోయేదాన్ని. ఓసారి అడిగాను కూడా. "అమ్మాయిగారితో తిట్లు నేను తినలేనమ్మా" అని దాన్ని పైకప్పులో దోపేశాడు. రెండు గుడ్డలూ ఒకే మంట తిన్నాయి, ఒకే మసి పట్టాయి. ఏ శుక్రవారమూ తలంటు లేదు. మనసు పీకింది, ఊరుకున్నాను.

పొట్లంలో ఉన్నవి ఉన్నట్టే పంపుతున్నాను. చెయ్యి వేసి దులపనైనా లేదు. ఈసారి ఏం వచ్చినా అది నీదే, నాది కాదు.

అత్త

---

హైదరాబాద్,
11 జూన్ 2000

అత్తా,

గెలిచాం. పోయినేడు వచ్చిందే ఈ ఏడూ వచ్చింది. కుంకుడు రసం మీద పడ్డ అనుమానం తీరిపోయింది. ఒకే మంటలో ఒకే సీజన్ గడిపాక పైపైన పూసింది గింజకట్టింది, గాజు లోపల పెట్టింది కట్టలేదు. మేడం పేరు, నా పేరు, చైతన్య పేరు కలిపి పేపరు పంపించాం. పరీక్ష జరిగిన చోటు అని మీ ఊరి పేరు ఇంగ్లీషులో అచ్చవుతుంది. బుల్లయ్యకు కృతజ్ఞతలు అని కూడా రాశాను. నీకు చెప్పలేదు. నీకు వేరే చోట చెబుతాను.

థీసిస్ రాయడం మొదలుపెట్టాను. అది అయ్యాక వైవా అని ఆఖరి నోటి పరీక్ష ఉంటుంది, దానికి నువ్వు రావాలి. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. రాననొద్దు, వస్తున్నావని ముందే చెప్పేశాను.

దుర్గ

---

కొండపి,
27 ఆగస్టు 2001

డాక్టర్ లక్ష్మీదుర్గమ్మా,

ఇల్లు చేరాను. బస్సు చిలకలూరిపేట దగ్గర స్పిన్నింగ్ మిల్లుకు పోయే పత్తి బేళ్ల లారీల మధ్య ఇరుక్కుంది, దానివల్లే ఆలస్యం. కాళ్లు కడుక్కుని మొదట ఈ ఉత్తరమే రాస్తున్నాను.

ఆ హాల్లో వెనక వరసలో కూర్చున్నాను కదా, పక్కన మీ నాన్న. నువ్వు మాట్లాడింది ఇంగ్లీషు, నాకు అయాన్ అన్న మాట తప్ప ఏదీ అందలేదు. నిన్ను పరీక్షించడానికి బయటి నుంచి వచ్చిన ఆ పెద్దాయన ఏదో గట్టిగా అడగడం, నువ్వు తల అడ్డంగా ఊపడం చూసి అంతా అయిపోయిందనుకున్నాను. మీ నాన్న నా మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, తనకీ ఏమీ తెలియక. చివరికి ఆ పెద్దాయన లేచి నీకు చెయ్యి అందించాకే మేమిద్దరం కుర్చీల్లో వెనక్కి ఆనుకున్నాం.

బయటికొచ్చాక చైతన్య అంతా విడమరిచి చెప్పాడు. పైపైన పూసే మనిషని రాశాను కదూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి సీజన్‌ను థీసిస్‌లోంచి తీసేయమని అన్నాడటగా ఆయన. రెండో సీజన్ ఒక్కటే శుభ్రంగా ఉంది, దాంతోనే నీ మాట నెగ్గుతుంది, మొదటిది ఇంటివాళ్లు చేసిన గందరగోళం, ఎందుకు పెట్టుకున్నావు అని. నువ్వు తీసేయనన్నావట. ఏమన్నావో చైతన్య తెలుగులో చెప్పాడు, ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాను. "రెండో ఏడు నా గుడ్డకు మామూలు పరీక్ష జరిగింది. మొదటి ఏడు నన్ను అందరికన్నా ఎక్కువ ప్రేమించే మనిషి, నన్ను గెలిపించాలని, ఉన్న శక్తంతా పెట్టి అవతలి గుడ్డను కాపాడింది. ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఏ ల్యాబ్‌లోనూ ఎవరూ పెట్టలేరు. అది తీసేస్తే నా పని సగం తీసేసినట్టే." ఇదేనా నాకు వేరే చోట చెబుతానన్న కృతజ్ఞత?

మీ నాన్న అది విని పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. దారి పొడుగునా పక్క సీట్ల వాళ్లందరికీ మా అమ్మాయి డాక్టరు అని చెప్పుకుంటూ వచ్చాడు. ఒకాయన మోకాళ్ల నొప్పులకు మందు అడిగాడు. "ఆ డాక్టరు కాదండి, గాజు డాక్టరు" అన్నాడు.

నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ ఒకటే అనుకున్నాను. నీకు అడుగడుగునా తోడు నిలబడకపోతే నువ్వు నెగ్గుకు రాలేవని, నేను చెయ్యి అడ్డుపెడితేనే నీ దీపం నిలుస్తుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. నీ పక్షాన ఉన్నాననుకుంటూ నెలల తరబడి నీ మీదకే మంట ఎగదోశాను. నువ్వు చెక్కుచెదరలేదు. ఇంక నాకు నీ గురించి బెంగ లేదమ్మా. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది, రాస్తుంటే ఎంత హాయిగా ఉందో.

ఇట్లు, నీకు ఇకమీదట ఏ సాయమూ చేయనని మాటిస్తున్న
అత్త